తెలుగు పేజీ చదివే టెసరాక్ట్: విండోస్, ఉబుంటు, మ్యాక్‌లలో ఎక్కించుకునే పద్ధతి

శ్రీకాకుళం కథానిలయం సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసిన పేజీలుగా ఉంటాయి. చదువుకోవడానికి బాగుంటాయి గానీ అందులో ఒక మాట వెతకాలన్నా, నాలుగు వాక్యాలు కాపీ చేసుకోవాలన్నా కుదరదు. కంప్యూటర్ కంటికి అది బొమ్మే, అక్షరాలు కావు. ఇంట్లో బీరువాలో ఉన్న పాత దస్తావేజునో, అరసవల్లి వెళ్ళినప్పుడు చేతికిచ్చిన కరపత్రాన్నో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నా అదే సంగతి.

బొమ్మలోంచి అక్షరాలు బయటికి తీసే (దీన్నే ఓసీఆర్ అంటారు) ఉచిత సాఫ్ట్‌వేర్లలో టెసరాక్ట్ పాతకాపు. హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో 1985లో మొదలైంది. 2005లో సోర్సుతో సహా అందరికీ వదిలేశారు. 2006 నుంచి గూగుల్ చాలా ఏళ్ళు దాని బాగోగులు చూసింది. తెలుగు కూడా చదువుతుంది. దాన్ని పైథాన్ ప్రోగ్రాం లోంచి పిలవడానికి వాడే లైబ్రరీ పేరు పైటెసరాక్ట్.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి. పైటెసరాక్ట్ ఎక్కించినంత మాత్రాన టెసరాక్ట్ రాదు. అది మధ్యవర్తి మాత్రమే. మీ బొమ్మను పట్టుకెళ్ళి అసలు ఇంజినుకి ఇస్తుంది, ఇంజిను చెప్పింది తెచ్చి మీకు ఇస్తుంది. ఇంజిను వేరుగా ఎక్కించాలి. ఆ ఇంజినుకి తెలుగు నేర్పే డేటా ఫైలు మళ్ళీ వేరు. ఈ మూడూ ఒకే యంత్రంలో, ఒకదానికొకటి కనబడే చోట ఉండాలి. 'ఎర్రర్ కొడుతోంది' అని మా దగ్గరికి లాప్‌టాప్ పట్టుకొచ్చే పిల్లల్లో చాలామందికి ఈ మూడింట్లో ఏదో ఒకటి ఉండదు, లేదా వేరే చోట ఉంటుంది.

కమాండ్లన్నీ ఫోన్‌లో చెప్పినట్టు, పలికే తీరులో రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి. పెద్దక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను. గీతలు, చుక్కలు, ఖాళీలు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే. 'పై' అంటే పీ, వై రెండే అక్షరాలు. 'వెన్వ్' అంటే వీ, ఈ, ఎన్, వీ. టెసరాక్ట్ స్పెల్లింగులో ఎస్ రెండుసార్లు వస్తుంది, అది చూసుకోండి. దగ్గరి స్పెల్లింగులతో దొంగ ప్యాకేజీలు పెట్టేవాళ్ళు ఉంటారు కాబట్టి, పిప్‌కి (పైథాన్ లైబ్రరీలు దించిపెట్టే పనిముట్టు అది) ఇచ్చే పేరు ఎప్పుడూ రెండోసారి సరిచూసుకున్నాకే ఎంటర్ కొట్టాలి.

విండోస్‌లో

ముందు పైథాన్ ఉందో లేదో చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

పై --వెర్షన్

వెర్షన్ నంబరు వస్తే సరే. రాకపోతే పైథాన్ అధికారిక సైట్ నుంచి దించుకోండి. మామూలు ఇన్‌స్టాలర్ అయితే మొదటి తెరలోనే, అడుగున, పాత్‌లో (కమాండు కొడితే ప్రోగ్రాం కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చమంటారా అని ఒక చిన్న గడి ఉంటుంది. దానికి టిక్కు ముందుగా ఉండదు, మీరే పెట్టాలి. అందరూ కంగారులో పైనున్న పెద్ద 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కేస్తారు. తరవాత 'పైథాన్' అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది, ఇదేంటని టెన్షన్ పడతారు. అది వైరస్ కాదు. పైథాన్ కనబడకపోతే స్టోర్‌కి తీసుకెళ్ళేలా విండోసే పెట్టుకున్న దారి. సెట్టింగ్స్‌లో 'యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్' అని వెతికి, పైథాన్ పేరున్న రెండు స్విచ్‌లూ ఆపేయండి.

ఏ వెర్షన్ తీసుకోవాలి? కొత్తగా వచ్చినదాని వెంట పడొద్దని నా సలహా. దానికంటే ఒక మెట్టు వెనకది తీసుకోండి. కొత్త పైథాన్ వచ్చిన మొదటి నెలల్లో కొన్ని లైబ్రరీలకు సిద్ధంగా కట్టిన ఫైళ్ళు ఉండవు. అప్పుడు పిప్ సోర్సు దించి మీ యంత్రంలోనే కట్టడానికి చూస్తుంది, 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 14.0 కావాలి' అని ఎర్ర అక్షరాలు పోస్తుంది. 32 బిట్ పైథాన్ వేసుకున్నా ఇదే గొడవ రావచ్చు. ఆ మాట చూసి గిగాబైట్లకొద్దీ విజువల్ స్టూడియో దించకండి, ముందు పైథాన్ మార్చి చూడండి. ఇంకా విండోస్ 7 మీద నడిచే పాత డెస్క్‌టాప్ అయితే పైథాన్ 3.8 దగ్గరే ఆగాలి. 3.9 నుంచి దానిమీద ఎక్కదు.

ఇప్పుడు ఇంజిను. విండోస్‌కి టెసరాక్ట్ ఇన్‌స్టాలర్‌ను జర్మనీలోని మాన్‌హైమ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వాళ్ళు కట్టి ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని నడిపినప్పుడు మధ్యలో ఏయే భాగాలు కావాలని అడుగుతుంది. అక్కడ 'అడిషనల్ లాంగ్వేజ్ డేటా' పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, కిందికి జరుపుకుంటూ వెళ్ళి తెలుగుకి టిక్కు పెట్టండి. మొత్తం భాషలన్నిటికీ టిక్కు పెడితే డేటా ఊరికే ఖర్చవుతుంది. ఇంకో విషయం, ఆ భాష ఫైలు ఇన్‌స్టాలర్ లోపల ఉండదు, ఆ క్షణంలో నెట్ నుంచి దిగుతుంది. సరిగ్గా అప్పుడే హాట్‌స్పాట్ పోతే ఇంజిను ఎక్కుతుంది గానీ తెలుగు రాదు.

మామూలుగా అది సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్ ఫైల్స్ కింద 'టెసరాక్ట్-ఓసీఆర్' అనే ఫోల్డర్‌లో కూర్చుంటుంది. తనంతట తాను పాత్‌లో చేరదు. స్టార్ట్‌లో 'ఎన్విరాన్‌మెంట్' అని టైప్ చేస్తే వచ్చేది తెరిచి, 'ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్' బటన్ నొక్కి, మీ పేరు కింద ఉన్న 'పాత్'ను ఎడిట్ చేసి, 'న్యూ' నొక్కి, ఆ ఫోల్డర్ చిరునామా అతికించండి. ఓకేలు అన్నీ కొట్టాక, తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్ మూసి కొత్తది తెరవండి. పాత కిటికీకి కొత్త పాత్ తెలియదు. ఈ చిన్న పని మానేసి గంటసేపు తల పట్టుకునేవాళ్ళు ఉన్నారు. తరవాత:

టెసరాక్ట్ --లిస్ట్-లాంగ్స్

చివరి మాట ఎల్, ఏ, ఎన్, జీ, ఎస్. జవాబులో టీ, ఈ, ఎల్ అనే మూడక్షరాలు కనబడితే తెలుగు వచ్చినట్టే.

ఇక లైబ్రరీ. డీ డ్రైవ్‌లోనో ఎక్కడో ఒక ఫోల్డర్ చేసుకోండి. ఫోల్డర్ పేర్లు, ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషులో, ఖాళీలు లేకుండా పెట్టుకుంటే సుఖం. కమాండ్ ప్రాంప్ట్‌ని ఆ ఫోల్డర్‌లోకి తెచ్చి వరసగా:

పై -ఎం వెన్వ్ ఓసీఆర్
ఓసీఆర్\స్క్రిప్ట్స్\యాక్టివేట్
పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ పైటెసరాక్ట్

మొదటిది ఈ పని కోసం విడిగా ఒక పైథాన్ గది కడుతుంది. రెండోది మిమ్మల్ని ఆ గదిలోకి తీసుకెళ్తుంది, లైను మొదట్లో బ్రాకెట్లలో ఓసీఆర్ అని కనబడుతుంది. మూడోది లైబ్రరీ దించుతుంది. బొమ్మలు తెరిచే పిల్లో అనే లైబ్రరీ దాని వెంటే వస్తుంది, విడిగా అడగక్కర్లేదు.

మీరు కమాండ్ ప్రాంప్ట్ బదులు పవర్‌షెల్‌లో ఉంటే రెండో లైను దగ్గర 'రన్నింగ్ స్క్రిప్ట్స్ ఈజ్ డిసేబుల్డ్' అని తిట్టవచ్చు. సెక్యూరిటీ సెట్టింగులు మార్చే పని పెట్టుకోకుండా, కమాండ్ ప్రాంప్ట్‌కి వచ్చేయడం మేలు.

ఉబుంటులో

ఇక్కడ పని సులువు. పాత నాలుగు జీబీ రామ్ లాప్‌టాప్ ఉన్నవాళ్ళకి నేను ఉబుంటు వైపే మొగ్గు చూపిస్తాను. ఇంజిను, తెలుగు డేటా, గది కట్టే సామాను అన్నీ ఒక్క లైనులో:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్ పైథాన్3-వెన్వ్

సుడో అంటే ఎస్, యూ, డీ, ఓ. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ. ప్యాకేజీ దొరకలేదంటే ముందు 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టి మళ్ళీ ప్రయత్నించండి. ఉబుంటు 22.04లో టెసరాక్ట్ 4.1 వస్తుంది, 24.04లో 5.3 వస్తుంది. మన పనికి రెండూ చాలు. తరవాత:

పైథాన్3 -ఎం వెన్వ్ ఓసీఆర్
సోర్స్ ఓసీఆర్/బిన్/యాక్టివేట్
పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ పైటెసరాక్ట్

గది కట్టకుండా నేరుగా పిప్ నడిపితే 23.04 నుంచి ఉబుంటు ఒప్పుకోదు. 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అంటుంది. ఆ పైథాన్ ఉబుంటు సొంత పనులకి కూడా వాడుకునేది కాబట్టి దాన్ని కెలకొద్దని చెప్పడం అది. ఆ ఎర్రర్ కింద, తోసుకుని వెళ్ళడానికి 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని ఒక దారి కూడా చూపిస్తారు. దాని పేరే చెబుతోంది కదా ఏమవుతుందో! పిప్ ముందు సుడో పెట్టడం కూడా అంతే, వద్దు.

మ్యాక్‌లో

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో మ్యాక్ ఉన్నవాళ్ళు తక్కువే, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్లు దించిపెట్టే హోమ్‌బ్రూ ఎక్కించుకుని 'బ్రూ ఇన్‌స్టాల్ టెసరాక్ట్' కొడితే ఇంజిను వస్తుంది, ఇంగ్లీషుతో మాత్రమే. మిగతా భాషలకి 'టెసరాక్ట్-లాంగ్' అనే ఇంకో ప్యాకేజీ ఉంది గానీ అది అన్ని భాషలనూ ఒకేసారి మోసుకొస్తుంది. డేటా తక్కువుంటే తెలుగు ఫైలు ఒక్కటే దించి (ఎక్కడ దొరుకుతుందో కింద పెన్‌డ్రైవ్ భాగంలో చెబుతాను), హోమ్‌బ్రూ ఫోల్డర్‌లోని షేర్ కింద ఉన్న టెస్‌డేటాలో వేయండి. ఎం1 తరవాతి యంత్రాల్లో హోమ్‌బ్రూ 'ఆప్ట్' (ఇక్కడ ఓ, పీ, టీ) కింద ఉంటుంది, పాత ఇంటెల్ మ్యాక్‌లలో 'యూజర్ లోకల్' (యూజర్ అంటే యూ, ఎస్, ఆర్) కింద. గది కట్టడం, లైబ్రరీ దించడం ఉబుంటులో చెప్పిన మూడు లైన్లే.

పనిచేస్తోందా?

ఒక తెలుగు పేజీ ఫొటో 'పేజ్.పీఎన్‌జీ' అనే పేరుతో అదే ఫోల్డర్‌లో పెట్టండి. ప్రోగ్రాం ఇంతే:

ఇంపోర్ట్ పైటెసరాక్ట్
ఫ్రమ్ పీఐఎల్ ఇంపోర్ట్ ఇమేజ్
పాఠం = పైటెసరాక్ట్.ఇమేజ్_టు_స్ట్రింగ్(ఇమేజ్.ఓపెన్('పేజ్.పీఎన్‌జీ'), లాంగ్='టీఈఎల్')
ఓపెన్('అవుట్.టీఎక్స్‌టీ', 'డబ్ల్యూ', ఎన్‌కోడింగ్='యూటీఎఫ్-8').రైట్(పాఠం)

పీఐఎల్ మూడక్షరాలూ పెద్దవి. విడిగా వచ్చే ఇమేజ్‌లో మొదటి అక్షరం పెద్దది, 'ఇమేజ్_టు_స్ట్రింగ్'లో అన్నీ చిన్నవే. కొటేషన్లలో ఉన్న డబ్ల్యూ ఒక్క అక్షరమే. 'పాఠం' అన్న పేరు మాత్రం నిజంగానే తెలుగులో టైప్ చేయొచ్చు, పైథాన్ 3 ఒప్పుకుంటుంది.

చివరి లైనులో ఎన్‌కోడింగ్ సంగతి మానేయకండి. విండోస్‌లో అది లేకపోతే 'చార్‌మ్యాప్ కోడెక్' అంటూ ఆగిపోతుంది. ఫలితాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రింట్ చేసి చూడొద్దు. అక్కడ తెలుగు డబ్బాలుగానో, గుణింతాలు విడిపోయో కనబడుతుంది, చదవడమే రాలేదనుకుంటారు. నోట్‌ప్యాడ్‌లో తెరవండి. పేజీలో ఇంగ్లీషు కూడా కలిసి ఉంటే భాష దగ్గర రెండు సంకేతాలూ ప్లస్ గుర్తుతో కలిపి ఇవ్వాలి. స్కాన్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉంటే మంచిది. అచ్చు పాతదై ఒత్తులు మాసిపోయి ఉంటే తప్పులు తప్పవు, కూర్చుని దిద్దుకోవాల్సిందే.

ఎర్రర్ కొడితే

'ఏటి మాస్టారూ, నిన్ననే ఎక్కించేను కదా, మళ్ళీ లేదంటాదేటి!' ఈ మాట వినని వారం ఉండదు. 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అని వచ్చిందంటే లైబ్రరీ లేదని కాదు, మీరు ఇప్పుడు నడుపుతున్న పైథాన్‌లో లేదని. ఒక యంత్రంలో రెండు మూడు పైథాన్లు ఉండటం మామూలే. స్టోర్ నుంచి వచ్చింది ఒకటి, సైట్ నుంచి దించింది ఒకటి, కాలేజీలో చెప్పారని వేసుకున్న అనకొండ ఇంకొకటి. పిప్ ఒకదానిలో దించుతుంది, ప్రోగ్రాం ఇంకొకదానిలో నడుస్తుంది. అందుకే పైన ఎక్కడా ఒట్టి 'పిప్' అనకుండా 'పైథాన్ -ఎం పిప్' అని రాశాను. అలా అంటే ఆ పైథాన్ తన సొంత పిప్‌నే పిలుస్తుంది. అనుమానం ఉంటే:

పైథాన్ -ఎం పిప్ --వెర్షన్

జవాబులో ఫోల్డర్ దారి కూడా చూపిస్తుంది. దారిలో మీ ఓసీఆర్ గది పేరు లేకపోతే మీరు గది బయట ఉన్నారు, మళ్ళీ యాక్టివేట్ చేయండి. ప్రోగ్రాంలు రాసుకునే వీఎస్ కోడ్‌లో నడిపేవాళ్ళు కింద కుడివైపు మూలన ఏ పైథాన్ పేరు ఉందో చూసి, దాన్ని నొక్కి ఈ గదిలోని పైథాన్‌ని ఎంచుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేసి వీఎస్ కోడ్‌లో చేయకపోతే ముందుగా చూడాల్సింది ఇదే.

'టెసరాక్ట్ నాట్ ఫౌండ్' అని వస్తే అది వేరే జబ్బు. లైబ్రరీ ఉంది, ఇంజిను కనబడలేదు. పాత్ సరిచూడండి. కాలేజీ యంత్రంలో పాత్ మార్చనివ్వకపోతే ప్రోగ్రాంలోనే 'పైటెసరాక్ట్.పైటెసరాక్ట్.టెసరాక్ట్_సీఎండీ'కి ఇంజిను ఫైలు పూర్తి చిరునామా ఇవ్వొచ్చు. విండోస్ చిరునామాలో వెనక్కి వాలిన గీతలు ఉంటాయి కనుక కొటేషన్ ముందు ఆర్ అనే అక్షరం పెట్టండి.

'ఎర్రర్ ఓపెనింగ్ డేటా ఫైల్' అంటూ తెలుగు సంకేతం కనబడితే ఇంజిను కూడా ఉంది, తెలుగు ఫైలు ఒక్కటే లేదు. 'పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్' అని వస్తే మీ ప్రోగ్రాం ఫైలు పేరు చూడండి, దానికి పైటెసరాక్ట్ అనే పేరు పెట్టి ఉంటారు. పైథాన్ అసలు లైబ్రరీని వదిలి మీ ఫైలునే తెరుస్తోంది. పేరు మార్చేయండి.

నెట్ లేని ఊళ్ళోకి పెన్‌డ్రైవ్‌తో

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్ల తరవాత మా ఉత్తరాంధ్రలో కరెంటూ సిగ్నలూ ఎన్నాళ్ళు లేవో అందరికీ గుర్తే. తుఫాను లేకపోయినా ఏజెన్సీ ఊళ్ళలో, తీరం పల్లెల్లో టవర్ అందని ఇళ్ళు ఉన్నాయి. అలాంటి యంత్రానికి నెట్ ఉన్నచోట నుంచి సామాను మోసుకెళ్ళాలి. నెట్ ఉన్న యంత్రంలో:

పైథాన్ -ఎం పిప్ డౌన్‌లోడ్ -డీ సంచి పైటెసరాక్ట్

ఫోల్డర్‌కి సంచి అని పేరు పెట్టాను, మీకు నచ్చింది పెట్టుకోండి. అందులో మూడు ఫైళ్ళు చేరతాయి: పైటెసరాక్ట్, పిల్లో, ప్యాకేజింగ్. పిల్లో ఫైలు పేరు జాగ్రత్తగా చదవండి. సీపీ312 అని ఉంటే అది పైథాన్ 3.12కే ఎక్కుతుంది, 3.11కి ఎక్కదు. విన్_ఏఎండీ64 అంటే 64 బిట్ విండోస్. మెనీలైనక్స్ అంటే ఉబుంటు లాంటివి. మ్యాక్ఓఎస్ఎక్స్, ఏఆర్ఎం64 అని ఉంటే ఎం1 తరహా మ్యాక్. పైటెసరాక్ట్ ఫైలు చివర మాత్రం 'నన్-ఎనీ' అని ఉంటుంది, అది ఎక్కడైనా సరిపోతుంది. అంటే పట్నంలో స్నేహితుడి ఉబుంటులో దించి ఊళ్ళో విండోస్‌కి తెస్తే పిల్లో దగ్గర చుక్కెదురవుతుంది. బయల్దేరే ముందే ఊళ్ళో యంత్రంలో ఏ విండోస్, ఏ పైథాన్ ఉన్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. తప్పనిసరైతే ఉబుంటులో కూర్చునే విండోస్ ఫైళ్ళు దించొచ్చు, డౌన్‌లోడ్ కమాండుకి ఇవి కలపాలి:

--ఓన్లీ-బైనరీ=:ఆల్: --ప్లాట్‌ఫామ్ విన్_ఏఎండీ64 --పైథాన్-వెర్షన్ 3.12

ఊళ్ళో యంత్రంలో గది కట్టుకుని, అందులోకి వెళ్ళి:

పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ సంచి పైటెసరాక్ట్

నో ఇండెక్స్ అంటే నెట్ జోలికి పోకుండా సంచిలోనే వెతుక్కోమని. ఇవి కాక పెన్‌డ్రైవ్‌లో ఇంకో మూడు ఉండాలి: పైథాన్ ఇన్‌స్టాలర్, టెసరాక్ట్ ఇన్‌స్టాలర్, తెలుగు డేటా ఫైలు. ఆ చివరిది మరిచిపోతే ప్రయాణం దండగ, ఇన్‌స్టాలర్ దాన్ని నెట్ నుంచే తెచ్చుకుంటుందని పైన చెప్పాను కదా. 'టెల్.ట్రెయిన్డ్‌డేటా' అనే ఆ ఫైలు టెసరాక్ట్ గిట్‌హబ్ పేజీల్లో టెస్‌డేటా, టెస్‌డేటా_ఫాస్ట్, టెస్‌డేటా_బెస్ట్ అని మూడు చోట్ల దొరుకుతుంది. నిదానంగా నడిచినా ఫరవాలేదంటే బెస్ట్ తీసుకోండి. ఊళ్ళో టెసరాక్ట్ ఎక్కించాక దాన్ని తెచ్చి టెసరాక్ట్-ఓసీఆర్ లోపలున్న టెస్‌డేటా ఫోల్డర్‌లో వేస్తే సరి.

కట్టిన గదినే కాపీ కొట్టి పట్టుకెళ్దామనుకోకండి. దాని లోపల మీ యంత్రం ఫోల్డర్ దారులు రాసి ఉంటాయి, ఇంకో చోట తెరిస్తే నడవదు. గదులు ఎక్కడికక్కడ కట్టుకోవాల్సిందే. పాడైతే మాత్రం బెంగ లేదు, ఆ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్ళీ మూడు లైన్లు కొట్టండి.

లాప్‌టాపే లేకపోతే

ఫోనూ జీమెయిలూ ఉంటే, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపించే గూగుల్ కొలాబ్‌లో పని జరుగుతుంది. అక్కడ లోపల నడిచేది ఉబుంటే కాబట్టి, మొదటి గడిలో ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ఈ రెండు లైన్లూ వేయండి:

!ఆప్ట్ ఇన్‌స్టాల్ -వై టెసరాక్ట్-ఓసీఆర్ టెసరాక్ట్-ఓసీఆర్-టెల్
!పిప్ ఇన్‌స్టాల్ పైటెసరాక్ట్

ఇక్కడ సుడో అక్కర్లేదు, గది కట్టక్కర్లేదు. దిగేదంతా గూగుల్ యంత్రంలోకే దిగుతుంది, మీ డేటా ఖర్చయ్యేది ఫొటోలు ఎక్కించడానికే. ఎడమవైపు ఫోల్డర్ గుర్తు నొక్కి పేజీ ఫొటో ఎక్కించి, పైన ఇచ్చిన ప్రోగ్రాం రెండో గడిలో నడపండి. సెషన్ ముగిస్తే ఎక్కించినవీ, వచ్చిన ఫలితమూ అన్నీ పోతాయి. మర్నాడు మళ్ళీ ఆ రెండు లైన్ల నుంచే మొదలు. కాబట్టి అవుట్ ఫైలు ఫోన్‌లోకి దించుకున్నాకే ట్యాబ్ మూయండి.